నడుము నొప్పి నకరాలు కాదు చెల్లె

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె, నాకు 37 ఏండ్లు. నాయినకు పక్షవాతమొస్తే రెండేండ్లు నేనే లేపి కూసోబెట్టి చూసుకున్న. ఆయన పోయినంక భూమిల వాటా వద్దని తమ్ముళ్లకు సంతోషంగనే సంతకం పెట్టిన. నాలుగేండ్ల సంది నడుము నొప్పి. బతుకమ్మకు పుట్టింటికి పోవాలంటే మంచంల నుంచి లేవరాదు. ఎమ్మారై నార్మల్. ఇంట్ల నకరాలంటున్నరు, డాక్టరేమో సైకాలజిస్టు దగ్గరికి పొమ్మన్నడు. నాకేమన్న పిచ్చా?

జవాబు: చెల్లె, మీకు పిచ్చి లేదు, మీ నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం. స్కాన్‌ల ఏం కనపడలేదంటే ఎముకలు, డిస్కులు బాగున్నయని అంతే, నొప్పి లేదని కాదు. మూడు నెలలు దాటిన నొప్పిల చానాసార్లు దెబ్బ మానిపోయినా మెదడు, నరాలు మాత్రం కాపలా దిగవు, దుఃఖమో భయమో ఉంటే ఇంకింత గట్టిగ పట్టుకుంటయ్.

మీది నల్లగొండ జిల్లా కాబట్టి ఇదొకటి అడగాలె, చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగిన్రు? ఫ్లోరైడ్ నీళ్లతోని ఎముకలు, కీళ్లు బిగుసుకపోయి నడుము వంగకుండ అయితది, ఆ సంగతి డాక్టర్‌ను ప్రత్యేకంగ అడుగున్రి. కాళ్లల్ల బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా మా అసుంటి మాటల వైద్యం చేసేటోళ్ల దగ్గరికి కాదు, అదే రోజు ఆస్పత్రికి పోవాలె.

ఇరవై ఏండ్లకెళ్లి ఇసుంటి నొప్పులోళ్లతోనే కూసుంటున్న. మొదట్ల రెండో రోజే "ఇది టెన్షన్ నొప్పమ్మా" అని చెప్పేసేదాన్ని, వాళ్లు మళ్ల రాకపోతుండె, ఇంట్లోళ్ల లెక్కనే నేను గూడ అబద్ధమంటున్న అనుకునేటోళ్లు పాపం. ఇప్పుడైతే ముందు వింట. మాటలతోని మనసుకు వైద్యం చేసే సైకోఅనాలసిస్‌ను మొదలుపెట్టిన డాక్టర్ ఫ్రాయిడ్ 1895ల అచ్చేసిన ఒక కేసు నాకు ఎప్పటికీ యాదికుంటది, ఎలిజబెత్ అని పేరు మార్చి రాసిండు, కాళ్ల నొప్పితోని నడవలేని పిల్ల. రోగమొచ్చిన నాయినకు నెలల తరబడి సేవ చేసింది, కట్టు మార్చేటప్పుడు ఆయన వాసిన కాలు రోజూ ఏ తొడ మీద పెట్టుకునేదో ఆ చోటనే నొప్పి మొదలయ్యేది. ఫ్రాయిడ్ మాటలన్నీ నేనొప్పుకోను, పేషెంటు కాదన్నా తన అర్థమే రుద్దిన సందర్భాలున్నయ్, కానీ ఒళ్లు యాది పెట్టుకుంటదనేది మాత్రం నా రూములనే మస్తుసార్లు చూసిన.

మీరు "సంతోషంగనే" అని రాసి, ఆ పక్క లైన్లనే నొప్పి అని రాసిన్రు. ఆ రెంటికి సంబంధముందని నేను చెప్తే ఉత్త ఊహ, మీ నోట్లెకెళ్లి వస్తేనే దానికి విలువ. సైకోఅనాలసిస్‌ల చేసేది గిదే, వారానికి ఒకటి రెండుసార్లు దాదాపు 50 నిమిషాలు మనసుకొచ్చింది దాచకుండ చెప్తరు, నెలలు పడుతది, అందరికీ నయమైతదని నేను మాటియ్యను. వేరే దారులు గూడ ఉన్నయ్, అమెరికాల 151 మంది నడుము నొప్పోళ్లతోని చేసి 2022ల అచ్చేసిన స్టడీల, నొప్పంటే ప్రమాదం కాదని మెదడుకు నేర్పే నాలుగు వారాల థెరపీ తీసుకున్నోళ్లల్ల 66 శాతం మందికి నొప్పి పోయింది లేకుంటే పోయినట్టే అయింది. దగ్గర్ల ఎవ్వరు దొరకకపోతే ముందుగాల మనసు బాధలకు సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యున్రి, పైసలు తీసుకోరు, తెలుగుల మాట్లాడుతరు.

మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించున్రి. ఒక నోట్‌బుక్ తీసుకొని ఈసారి బతుకమ్మకు ఎన్ని రోజుల ముందుగాల నడుము పట్టుకుంటదో, ఆ రోజు తమ్ముళ్ల ఇంటికెళ్లి ఫోనొచ్చిందా లేదా, నాయిన యాదికొచ్చిండా, అన్నీ రాసుకొని సైకాలజిస్టు దగ్గరికి మొదటి రోజు ఆ నోట్‌బుక్ పట్టుకొనే పోవున్రి.