ఫారానికి డబ్బు దొరికింది, మరి చదివే మనిషికో?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. స్కూల్లో పనిచేసేవాళ్లను ఎవరైనా కొట్టినా, కొరికినా, వస్తువులు విసిరినా, బెదిరించినా ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేసే ఏర్పాటు, దానికయ్యే డబ్బు సంగతి. నేను టీచర్‌గా, తర్వాత స్టాఫ్ సేఫ్టీ కమిటీలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి ఎక్కడైనా మాట కాస్త కటువుగా వస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా పరిధిలో కొన్ని స్కూళ్లు ఉన్నాయి. స్టాఫ్ మీద జరిగే దాడులను ఆన్‌లైన్‌లో నమోదు చేసే సాఫ్ట్‌వేర్ కొనడానికి ఈ ఏడాది గ్రాంట్ వచ్చింది. ఒక కంపెనీవాళ్లు డెమో కూడా ఇచ్చారు, మ్యాపులు, గ్రాఫులు అన్నీ బాగున్నాయి. ఏడాది లోపల ఖర్చు పెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుందట. కొనేయమంటారా? – ఒక అడ్మినిస్ట్రేటర్

జవాబు: కొనండి, వద్దనను. కానీ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికాకే సంతకం పెట్టండి. సోమవారం పొద్దున ఒక రిపోర్ట్ వస్తే దాన్ని తెరిచి చదివేది ఎవరు? మనిషి పేరు చెప్పగలరా? "సిస్టమ్ అందరికీ మెయిల్ పంపిస్తుందండీ" అంటారు కంపెనీవాళ్లు. అందరికీ వెళ్లిన మెయిల్ ఎవరికీ వెళ్లనట్టే.

నేను పనిచేసిన ఒక స్కూల్లో కాగితాల రోజుల్లో ఈ ఫారం మూడు రంగుల్లో ఉండేది. తెల్లది ఆఫీసుకి, పసుపుది కమిటీకి, గులాబీది దెబ్బ తిన్న మనిషికి. ఒకసారి రంగులు వేయడానికని ఆఫీసు గదిలో బీరువా పక్కకు జరిపితే దాని వెనక రబ్బరు బ్యాండు వేసిన పసుపు కాగితాల కట్ట దొరికింది, రెండేళ్లవి. కమిటీకి ఒక్కటి కూడా చేరలేదు. అందులో నేను రాసిన కాగితం కూడా ఉంది! ఇప్పుడు బీరువా లేదు, సర్వర్ ఉంది. చదివే మనిషి లేకపోతే రెండింటికీ పెద్ద తేడా ఏమీ ఉండదు.

డబ్బు విషయానికొస్తే, గ్రాంట్ ఒక్కసారి వస్తుంది, ఖర్చు ప్రతి ఏడాదీ ఉంటుంది. లైసెన్స్ ఫీజు ఏటా కట్టాలి, కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్ ఇవ్వాలి, ఒక టీచర్ ఫారం నింపుతున్న ఆ ఇరవై నిమిషాలు క్లాసు చూసుకోవడానికి ఇంకొకరు కావాలి, వచ్చిన రిపోర్టులు వారంలోపు చదివి స్కూలుకు ఫోన్ చేసే మనిషికి, సగం పనివేళలకైనా సరే, జీతం ఇవ్వాలి. ఇవేవీ లేకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే. గ్రాంట్ ఇచ్చినవాళ్లను రాతపూర్వకంగా అడగండి, ఇందులో కొంత భాగం ట్రైనింగ్‌కీ మనిషికీ వాడుకోవచ్చా అని. అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది, అడక్కపోతే అదీ ఉండదు. రెండో ఏడాది ఫీజు ఏ పద్దులోంచి కడతారో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. డెమో ఈసారి కంపెనీవాళ్లతో చేయించకండి. ఒక క్లాస్ అసిస్టెంట్‌నో బస్ డ్రైవర్‌నో పిలిచి, వాళ్ల ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి, ఎడమ చేత్తో నింపమనండి. కుడి చేతికి దెబ్బ తగిలినప్పుడు నింపేది అలాగే కదా.

ప్రశ్న: నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల క్లాసులో అసిస్టెంట్‌ని. పోయిన నెల ఒక బాబు నా ముంజేతి మీద గట్టిగా కొరికాడు. రిపోర్ట్ ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్నారు. లాగిన్ కావాలంటే స్కూల్ ఈమెయిల్ ఉండాలి, అది మాకు ఇవ్వలేదు, టీచర్లకే ఉంది. క్లర్క్‌ని బతిమాలి పెట్టించాను. "కారణం" అన్నచోట ఉన్నవాటిలో ఏదో ఒకటి నొక్కందే ముందుకు పోదు, నాకు దగ్గరగా కనిపించింది "పర్యవేక్షణ లోపం" ఒక్కటే. అంటే తప్పు నాదేనని నేనే రాసిచ్చినట్టయింది. పైగా ఆ పసివాడు కావాలని చేశాడా ఏమైనా? ఇంకోసారి జరిగితే ఊరుకుందామనుకుంటున్నాను. – ఒక అసిస్టెంట్

జవాబు: ముందు చెయ్యి ఎలా ఉందమ్మా? చర్మం తెగి ఉంటే సబ్బుతో కడిగి వదిలేయకూడదు, డాక్టరుకు చూపించాలి. మనిషి కాటు కూడా తొందరగా ఇన్‌ఫెక్షన్ అవుతుంది. చూపించి ఉండకపోతే ఇప్పుడైనా చూపించండి, ఆ చీటీ దాచుకోండి.

ఇక "కావాలని చేశాడా" అన్న మాట. ఇది నేను వెయ్యిసార్లు విన్నాను, నేనూ అనుకున్నాను. కెనడాలోని ఒంటారియోలో పని ప్రదేశంలో హింస గురించిన నిబంధనలు 2010 జూన్ 15 నుంచి అమల్లో ఉన్నాయి. అక్కడి చట్టంలో నిర్వచనం చూస్తే, ఉద్యోగి మీద బలం వాడటం వల్ల శరీరానికి గాయం అయినా, అయ్యే అవకాశం ఉన్నా అది హింస కిందికే వస్తుంది. స్కూళ్లను నడిపే బోర్డుల కోసం 2018లో విడిగా తెచ్చిన మార్గదర్శకంలో, చేసిన మనిషికి దాని ఫలితం అర్థమయ్యే శక్తి ఉండాల్సిన పనిలేదని తేల్చి చెప్పారు. అంటే రిపోర్ట్ పెట్టడం అంటే ఆ బాబును దోషిని చేయడం కాదు. ఆ చేతికి ఏం జరిగిందో రాయడం, అంతే. రాస్తేనే ఆ క్లాసుకు ఇంకో మనిషినో, చేతికి రక్షణగా తొడుగులనో, లేకపోతే బాబుకు నిశ్శబ్దంగా కూర్చునే ఒక మూలనో అడగడానికి ఆధారం ఉంటుంది. మీరు ఊరుకుంటే రేపు మీ స్థానంలో వచ్చే అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పరు, ఆ పిల్లాడికీ సాయం అందదు.

ఈమెయిల్ సంగతి వింటే మాత్రం నాకు ఒళ్లు మండింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020 జూలై నుంచి 2021 జూన్ వరకు దాదాపు 15,000 మంది స్కూల్ ఉద్యోగులను అడిగిన సర్వేలో, విద్యార్థుల నుంచి శారీరక దాడి ఎదురైందని చెప్పిన టీచర్లు 14 శాతం. టీచర్లూ కౌన్సెలర్లూ ప్రిన్సిపాళ్లూ కాని ఇతర స్టాఫ్‌లో అది 22 శాతం. అదీ కోవిడ్ కాలంలో, చాలాచోట్ల పిల్లలు సగం రోజులు ఇంట్లోనే ఉన్నప్పుడు. ఎక్కువ దెబ్బలు తినేవాళ్లకే లాగిన్ లేదంటే ఇక ఆ సిస్టమ్ లెక్కపెడుతున్నది ఎవరిని?

మీరు చేయాల్సింది చెప్తాను. మీ సేఫ్టీ కమిటీకి, లేకపోతే యూనియన్‌కి రెండు విషయాలు రాసివ్వండి. ఒకటి, ఈమెయిల్ లేకుండా స్టాఫ్ నంబర్‌తో తెరుచుకునే దారి కావాలి. రెండు, కారణం దగ్గర "తెలియదు" అన్నది ఉండాలి, ఆ గడిని దెబ్బ తిన్న మనిషి నింపాల్సిన అవసరమే ఉండకూడదు. కారణం వెతకడం విచారణ చేసేవాళ్ల పని. క్లర్క్ పెట్టిన రిపోర్ట్ కాపీ తీసుకుని, "పర్యవేక్షణ లోపం అన్నది నేను ఎంచుకున్నది కాదు, వేరే గడి లేక నొక్కించింది" అని ఒక్క వాక్యం రాసి, తేదీ వేసి జతచేయమనండి. ఇప్పుడే చేయండి, ఆలస్యం చేస్తే మీ మాటకు బలం తగ్గుతుంది.

ప్రశ్న: మాది చిన్న స్కూల్. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఫారంతో సరిపెట్టుకోవచ్చా? – ఒక హెడ్‌మాస్టర్

జవాబు: మొదలుపెట్టడానికి నిక్షేపంగా సరిపోతుంది. కాకపోతే వచ్చిన జవాబుల షీటు ఎవరెవరు తెరవగలరో చూసుకోండి, లింకు ఉన్న ప్రతివాళ్లూ చూసేలా పెట్టిన షీట్లు నేను రెండుచోట్ల చూశాను, పిల్లల పేర్లతో సహా. ఒకసారి పెట్టిన రిపోర్టును తర్వాత ఎవరైనా మారిస్తే ఆ మార్పు కనిపించేలా ఉండాలి. ఈ రెండూ చూసుకుంటే గ్రాంట్ కోసం ఎదురుచూడకండి.

ప్రశ్న: ఆన్‌లైన్ రిపోర్టింగ్‌కి మా బోర్డు డబ్బు ఇచ్చి ఏడాదైంది. ఘటనల సంఖ్య తగ్గాల్సింది పోయి రెట్టింపు దాటింది. "డబ్బు పెట్టింది గొడవలు పెంచడానికా" అని మీటింగులో ఒకాయన అన్నారు, వచ్చే ఏడాది నిధులు ఆపేద్దామంటున్నారు. ఏం చెప్పాలి? – బోర్డు సభ్యురాలు

జవాబు: ఆయనకు చెప్పండి, వీధిలో దీపం పెట్టాక గుంతలు కనిపించాయని దీపం తీసేయమన్నట్టుంది అని. సరే, మీటింగులో ఆ మాట అనలేరు కాబట్టి లెక్కతోనే చెప్పాలి.

ఫారం సులువైతే చిన్న చిన్నవి కూడా రిపోర్టులోకి వస్తాయి, సంఖ్య పెరుగుతుంది, అందులో వింతేమీ లేదు. అందుకే రెండు లెక్కలు పక్కపక్కన పెట్టండి. మొత్తం రిపోర్టులు ఒకటి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినవి, సెలవు పెట్టాల్సి వచ్చినవి ఇంకొకటి. ఈ రెండోది పాత కాగితాల కాలంలో కూడా సెలవు రిజిస్టర్‌లో, ఇన్సూరెన్స్ క్లెయిముల్లో దొరుకుతుంది, ఫారం సులువైనంత మాత్రాన పెద్దగా పెరగదు. మొత్తం పెరిగి, ఇది కదలకుండా ఉంటే జనం మాట్లాడుతున్నారని అర్థం. ఇది కూడా పెరిగితే అప్పుడు నిజంగా కంగారు పడాలి, అప్పుడు ఇంకా ఎక్కువ డబ్బు కావాలి.

బ్రిటన్‌లో చూడండి. అక్కడ రిడార్ అనే నిబంధనల ప్రకారం, దాడి వల్ల ఉద్యోగి వరుసగా ఏడు రోజులకు మించి తన పని చేయలేకపోతే ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాలి, అదీ ఆన్‌లైన్‌లోనే, 15 రోజుల్లోపు. వేళ్లవి కాకుండా వేరే ఎముక విరగడం లాంటివైతే ఎటూ చెప్పాలి. మరి రోజూ తినే తన్నులు, గిల్లుళ్లు, మీదికొచ్చిన కుర్చీలు? ఒక్కరోజు కూడా సెలవు పెట్టనక్కర్లేని అలాంటివి ఆ లెక్కలోకి రావు. వాటిని స్కూల్ తన పుస్తకంలో తానే రాసుకోవాలి. మీ దగ్గర రెట్టింపయ్యాయని అంటున్నవి చాలావరకు అవే అయుంటాయి, తెరిచి చూడండి.

చివరిగా ఒక మాట, ఏ స్కూల్ నుంచైనా ఏడాదంతా సున్నా వస్తే అక్కడికి శాలువా తీసుకెళ్లకండి, ఒకసారి వెళ్లి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోండి. రిపోర్టులు తక్కువుంటే మంచి హెడ్‌మాస్టర్ అని పేరొస్తుందంటే ఏ హెడ్‌మాస్టరూ రిపోర్ట్ పెట్టనివ్వడు. నేను చూసిన సున్నాల్లో నిజమైనవి తక్కువ.

ప్రశ్న: మా అబ్బాయికి ఆటిజం. కోపమొస్తే చేతికందింది విసురుతాడు. వాడి పేరు ఎక్కడో కంప్యూటర్‌లో "హింస" కింద ఎక్కి జన్మంతా వెంటాడుతుందేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు: మీ భయం ఊరికే వచ్చింది కాదమ్మా. ఈ రిపోర్ట్ స్టాఫ్ భద్రతకు సంబంధించినది, పిల్లాడి మార్కుల ఫైలుతోనూ క్రమశిక్షణ ఫైలుతోనూ కలవకూడదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024 జూలై 1 నుంచి యజమానులు హింసాత్మక ఘటనల లాగ్ పెట్టాలని, కనీసం ఐదేళ్లు దాచాలని చట్టం చేసింది. ఆ లాగ్‌లో మనుషులను గుర్తుపట్టే వివరాలు ఉండకూడదని కూడా అందులోనే ఉంది. విద్యార్థుల వల్ల జరిగినవాటిని దోపిడీకి వచ్చినవాళ్ల ఘటనలతో కలపకుండా వేరే రకం కింద చూపిస్తారు. మీ స్కూల్‌ని అడగండి: వాడి పేరు ఎవరు చూడగలరు, ఎన్నాళ్లు ఉంచుతారు, రిపోర్ట్ వచ్చిన ప్రతిసారీ నాకు చెప్తారా, వాడికి సాయపడటానికి స్కూల్ వేసుకున్న ప్లాన్‌లో ఏం మారుస్తారు. ఆఖరిదే ముఖ్యం. ఉదాహరణకు వాడి గురించి మూడు రిపోర్టులు వచ్చి, మూడూ బెల్ మోగిన వెంటనే జరిగినవైతే, వాడికి కావాల్సింది శిక్ష కాదు, బెల్‌కి ముందే క్లాసు బయటికి తీసుకెళ్లే మనిషి.

ప్రశ్న: ఒక పేరెంట్ రాత్రి పదకొండుకు క్లాస్ గ్రూపులో "నువ్వు బయటికి రా, నీ సంగతి చూస్తా" అని పెట్టారు. ఒక్కసారే. స్కూల్ బయట, ఫోన్‌లో వచ్చింది కాబట్టి ఇది రిపోర్ట్ చేసేది కాదంటున్నారు మావాళ్లు. – ఒక టీచర్

జవాబు: చేసేదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒప్పందంలో ఒక్కసారి జరిగినా హింసేనని, బెదిరింపు కూడా అందులోకే వస్తుందని, పనికి సంబంధించి ఫోన్లో, నెట్‌లో వచ్చేవీ లెక్కలోకే వస్తాయని ఉంది. మీ ఫారంలో "ఘటన జరిగిన చోటు" దగ్గర క్లాస్‌రూమ్, వరండా, ఆటస్థలం, బస్సు తప్ప ఏమీ లేకపోతే "ఇతరములు" నొక్కి ఫోన్ అని రాయండి, అదీ లేకపోతే ఆ సంగతి కూడా రాసి పంపండి. భయంగా ఉంటే పోలీసులకు చెప్పడానికి ఈ రిపోర్ట్ అడ్డు కాదు, రెండూ చేయొచ్చు. ఆయన మెసేజ్ డిలీట్ చేసేలోపే టైమూ నంబరూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపి ఉంచండి. తర్వాత ఆ గ్రూపును మ్యూట్ చేసి పడుకోండి.