పాలు ఉండగా వాటా ఎందుకు?

సందేహం: కెనడాలో ఒక వృత్తి ఐస్ హాకీ జట్టు యాజమాన్యంలో అక్కడి ఆదిమ జాతులు డబ్బు పెట్టడం గురించి తెలుగులో ఒక వార్త చదివాను. శీర్షికలో ‘స్వదేశీ పెట్టుబడి’ అన్నారు, లోపల ‘గిరిజనుల వాటా’ అన్నారు. ఏది సరి? ‘వాటా’కు అచ్చ తెలుగు మాట లేదా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: రెండూ అతకవు. టొరంటో షావుకారు టొరంటో జట్టులో పెట్టే డబ్బూ స్వదేశీ పెట్టుబడే కదా! పైగా 1905 నుంచి ‘స్వదేశీ’ అనగానే మనకు తట్టేది విదేశీ బట్టల మంటలే. ‘గిరిజనులు’ అందామంటే గిరి కావాలి. కెనడాలోని మానిటోబాలో ఒపాస్క్వాయక్ క్రీ అనే ఆదిమ జాతివారు 1996లో జూనియర్ హాకీ లీగులో ‘బ్లిజర్డ్’ అనే సొంత జట్టును దింపి, తర్వాత వరసగా అయిదేళ్లు కప్పు గెలిచారు. వాళ్లుండేది సస్కాచివాన్ నది ఒడ్డున, చిత్తడి నేలల నడుమ. అనువదించే ముందు పటం చూసే ఓపిక మన విలేఖరులకు ఎప్పుడొస్తుందో! ‘మూలవాసులు’ నయం, ‘ఆదివాసులు’ అన్నా తప్పు పట్టను. జాతి పేరే రాస్తే అసలు పేచీయే లేదు.

ఇక వాటా. అది మరాఠీ నుంచి వచ్చి మన మునసబు కరణాల లెక్కల్లో స్థిరపడింది. అంతకు ముందు నుంచీ మనకున్నది ‘పాలు’. తాగే పాలు కాదు, అది వేరే మాట. ఈ పాలు ‘పగులు’కు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు అంటారు: పగిలి విడిపోయిన ముక్క, భాగం. తమిళంలోనూ ‘పాల్’ అంటే భాగమే. వాళ్ల వ్యాకరణంలో ఆడ, మగ విభాగాలకూ అదే పేరు. ఆస్తిలో పాలున్నవాడు పాలివాడు; తెలంగాణలో దాయాదులు నేటికీ పాలోళ్లే. ఈ మాటను పోతన పట్టుకున్న తీరు చూడండి. మొసలి నోట చిక్కిన ఏనుగు ‘కలుఁగడే నాపాలిఁ గలిమి సందేహింప’ అంటుంది. లోకమంతటికీ ఉన్నవాడు నా పాలికి లేకుండా పోతాడా అని దాని బెంగ. దేవుడిలో తన పాలు అడుగుతున్న జీవి అది! అదే పాలు నేలపాలు, నవ్వులపాలు, అప్పులపాలు కూడా అయింది (ఆటల జట్లు కొన్నవారిలో చాలామందికి చివరిది బాగా తెలుసు). ఇప్పుడేమో ‘సదస్సులో మంత్రి పాలుపంచుకున్నారు’ అని రాస్తున్నారు. ఏ పాలు, ఎవరితో పంచుకున్నారు? వెళ్లారు, మాట్లాడారు అంటే చాలదా?

మీ వార్తలో ఇంకో మెలిక ఉంది: కొన్నది మనుషులా, జాతా? అమెరికా నుంచి ఒక ఉదాహరణ చూడండి. 2003లో కనెక్టికట్ రాష్ట్రంలోని మొహీగన్ అనే ఆదిమ జాతి ఓర్లాండో మహిళల బాస్కెట్‌బాల్ జట్టును కొని తమ ఊరికి తెచ్చుకుంది. కొన్నది జాతి, అందులోని ఏ ఒక్కరి పేరనా విడి పాలు లేదు, ఉమ్మడి సొత్తు. ‘గిరిజనుల వాటా’ అంటే తలా కొన్ని షేర్లు కొన్నారేమో అనిపిస్తుంది. జాతే కొన్నప్పుడు ‘జట్టులో ఫలానా జాతి పాలు’ అంటే సూటిగా ఉంటుంది. వాటా అన్నా నేను కొట్టివేయను, వాడుకలో నిలిచిపోయింది. ‘పాలివారు’ మాత్రం వద్దు. అందులో రక్తసంబంధం ఉంది, కంపెనీ కాగితాలకు అది పనికిరాదు.