మౌస్ తీసేసి ఆడిన యుద్ధం

ప్రశ్న: అన్నా, మా చిన్నబాపు 1990ల్లో హనుమకొండలో కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు, పులి మొహాల శత్రువులతో అంతరిక్షంలో యుద్ధం చేసే ఆట ఆడేవాడట. ఓడిపోయినా ఆట అయిపోయేది కాదట, కథ ఇంకో దారి పట్టేదట. ఆరు సీడీలు మార్చాల్సి వచ్చేదట. గొప్పలు చెబుతున్నాడని ఇంట్లో అందరం నవ్వుతున్నాం. అట్లాంటి ఆట నిజంగా ఉందా? ఉంటే ఇప్పుడు ఆడొచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, జనగామ

జవాబు: నవ్వడం ఆపండి తమ్ముడూ, మీ చిన్నబాపు చెప్పింది నిజమే. కాకపోతే రెండు ఆటలను ఒకటి చేసి చెప్పారు. ఓడినా ఆగనిది మొదటిది, ఆరు సీడీలది నాలుగోది. రెండూ 'వింగ్ కమాండర్' సిరీస్‌లోవే.

అప్పట్లో నేను హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మేడ మీద డాస్, ఫాక్స్‌ప్రో నేర్పేవాణ్ని. సాయంత్రం బ్యాచ్ వెళ్లిపోయాక షట్టర్ సగం దించి ఆడేవాళ్లం. మొదటి ఆట ఫ్లాపీలు సికింద్రాబాద్ నుంచి ఒక దోస్తు తెచ్చాడు. కొన్నవి కావు, కాపీలే. ఇన్నేళ్లకు దాచేదేముంది! ఆట మెమరీ సరిపోదని మొరాయించేది. డాస్ ప్రోగ్రాములకు దక్కే 640 కేబీ మెమరీలో కాస్త చోటు దొరకాలంటే కాన్ఫిగ్ ఫైలు తెరిచి అవీ ఇవీ పీకేయాలి. నేను ముందు పీకేసింది మౌస్ డ్రైవర్. తిరిగి పెట్టడం మరిచిపోయిన రోజు పొద్దున్నే ఓనర్ "మౌస్ పాడైంది, కొత్తది తెప్పించాలి" అంటుంటే నాకు ఒకటే టెన్షన్.

ఇంకో తంటా వేగం. ఆ ఆటకు వేగం మీద అదుపు లేదు, మెషీన్ ఎంత లాగితే అంత లాగుతుంది. మా 486 కంప్యూటర్ మీద శత్రు విమానాలు కంటికి ఆనకుండా దూసుకుపోయేవి. అందుకే కంప్యూటర్ డబ్బా మీద వేగం మార్చడానికి ఉండే టర్బో బటన్‌ను మేం నెమ్మది చేయడానికే వాడాం.

ఇక ఓడిపోవడం సంగతి. 1990లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఉన్న ఆరిజిన్ సిస్టమ్స్ అనే కంపెనీ ఈ మొదటి ఆటను విడుదల చేసింది. తయారుచేసిన క్రిస్ రాబర్ట్స్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లే. రెండో ప్రపంచ యుద్ధంలోని విమానవాహక నౌకల పోరాటాన్ని తీసుకెళ్లి ఆకాశంలో పెట్టాడు. మీరు 'టైగర్స్ క్లా' అనే నౌకలో పైలట్, అవతల కిల్‌రాతీలు, అంటే మీ చిన్నబాపు చెప్పిన పులి మొహాల శత్రువులు. ఒక్కో నక్షత్ర మండలంలో పని బాగా చేస్తే గెలుపు దారి, చెడగొడితే ఓటమి దారి. గెలుస్తూ పోతే వెనిస్ అనే మండలంలో శత్రువు స్థావరం మీద దాడి. ఓడుతూ పోతే హెల్స్ కిచెన్ అనే చోట ప్రాణాలు దక్కించుకుని వెనక్కి రావడమే. నేను మొదటిసారి అక్కడికే చేరాను.

తోడు వచ్చే పైలట్ చనిపోతే అంతే, మళ్లీ రారు. స్పిరిట్ అనే జపాన్ అమ్మాయిని నేను మొదట్లోనే పోగొట్టుకున్నాను. శవపేటికను అంతరిక్షంలోకి వదిలే అంత్యక్రియలు చూపించారు. ఆ తర్వాత ఆమెతో కలిసి వెళ్లాల్సిన చోటికల్లా ఒక్కణ్నే వెళ్లాను. మాట వినని మానియాక్ అనే ఇంకో పైలట్ మాత్రం ఎట్లాగో బతికే ఉన్నాడు!

మెమరీతో బాధ మనకే కాదు, తయారుచేసిన వాళ్లకూ తప్పలేదు. ఆటలోంచి బయటికి రాగానే మెమరీని చూసుకునే ప్రోగ్రాం (మెమరీ మేనేజర్) ఎర్రర్ చూపించేదట. సరిచేసే టైం లేక, ఆ ఎర్రర్ మాటలనే చెరిపి 'ఆడినందుకు ధన్యవాదాలు' అన్న అర్థం వచ్చేలా మార్చేశామని అక్కడి ప్రోగ్రామరే తర్వాత చెప్పాడు.

రెండోది 1991లో వచ్చింది. మరుసటేడు ఆరిజిన్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ కొనేసింది. 1994 నాటి మూడోదానికి నాలుగు సీడీలు, హీరో 'స్టార్ వార్స్' సినిమాల నటుడు మార్క్ హామిల్. మీ చిన్నబాపు ఆరు సీడీలది 1996లో వచ్చింది. నిజం సెట్లు వేసి, ఫిల్మ్ మీద తీసి, దాదాపు 1.2 కోట్ల డాలర్లు పోశారు. సినిమాగా బాగుంది. కానీ నన్నడిగితే, స్పిరిట్ అంత్యక్రియలప్పుడు పట్టిన గుబులు అందులో ఒక్కసారీ పట్టలేదు. రాబర్ట్స్ అదే ఏడాది ఆరిజిన్ వదిలేశాడు. 1997లో ఇంకొకటి వచ్చింది, 1999లో ఆయనే తీసిన సినిమా బోల్తా పడింది.

ఇప్పుడు ఆడొచ్చు. గాగ్ (GOG) అనే సైట్‌లో కొనుక్కోవచ్చు, పాత డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంతో కలిపే ఇస్తారు. మరీ వేగంగా పరుగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కండి, నెమ్మదిస్తుంది. జాయ్‌స్టిక్ లేకపోతే బాణం కీలతో నడపొచ్చు. మేమూ అట్లాగే నడిపాం, మౌస్ పీకేశాం కదా.