కొట్టివేత దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండ్‌ను తొమ్మిది రోజులే ఏలిన జేన్ గ్రే మీద నువ్వు రాస్తున్న నవలలోని మొదటి మూడు అధ్యాయాలనూ రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది. ఆ మాట ఇక మళ్ళీ చెప్పను. నాకు నచ్చనిది నీ ఆరంభం. 1554 ఫిబ్రవరి 12న లండన్ టవర్ కోటలో గొడ్డలి పైకి లేవడంతో కథ ఎత్తుకున్నావు. ఆ పిల్ల చనిపోతుందని మొదటే చెప్పేశావు గనుక, ఆ తరువాత కథలోకి వచ్చిన వాళ్ళంతా ఆమె చావు కోసం వరుసకట్టి నిలబడిన వాళ్ళలా తయారయ్యారు.

సింహాసనం కోసం ఆ పోరు కత్తుల కంటే ముందు కాగితం మీద జరిగింది. 1544 నాటి చట్టంలో రాజు ఎనిమిదో హెన్రీ తన తరువాత కొడుకు ఎడ్వర్డ్, అతనికి సంతానం లేకపోతే మేరీ, ఆమె తరువాత ఎలిజబెత్ అని వరుస పెట్టాడు గాని, కూతుళ్ళిద్దరినీ ధర్మపత్నుల బిడ్డలుగా మాత్రం తిరిగి ఒప్పుకోలేదు. క్యాథలిక్ అయిన మేరీ చేతికి రాజ్యం పోకూడదని పట్టుబట్టిన, అప్పటికి రాజైన ఎడ్వర్డ్‌కు తొమ్మిదేళ్ళ తరువాత అక్కరకొచ్చింది ఆ లొసుగే. స్వహస్తంతో రాసిన వారసత్వ పత్రంలో అతను మొదట పెట్టిన మాట ‘జేన్ మగ సంతానానికి’ అని. ఆ జాబితాలో ఉన్న వాళ్ళంతా ఆడవాళ్ళే, వాళ్ళలో ఒక్కరికీ అప్పటికి మగబిడ్డ లేడు, తనకా జబ్బు ముదురుతోంది. అప్పుడు ఒక అక్షరం కొట్టేసి, పైన రెండు చిన్న మాటలు ఇరికించి, ‘జేన్‌కు, ఆమె మగ సంతానానికి’ అని దిద్దాడు. పదిహేనేళ్ళ కుర్రాడి ఆ దిద్దుబాటుతో, ఇంకా పుట్టని మగబిడ్డకు దక్కవలసిన కిరీటం పదహారేళ్ళ ప్రాయపు పిల్ల నెత్తిమీదికి వచ్చింది. ఆ పిల్ల అంతకుముందు మే నెలలోనే, ఎడ్వర్డ్ తరఫున రాజ్యం నడుపుతున్న నార్తంబర్లండ్ డ్యూక్ కొడుక్కి భార్య అయిందన్నది నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నవల అంతా అక్కడే కదా ఉంది?

ఇంకొకటి. రెండో అధ్యాయంలో జేన్‌ను ఎడ్వర్డ్‌కు చెల్లెలని రాశావు. ఇంగ్లీషులో అందరూ కజిన్లే గనుక వాళ్ళకు చెల్లుతుంది, మనకు చెల్లదు. జేన్ అమ్మమ్మ హెన్రీకి చెల్లెలు. అంటే జేన్ తల్లి ఎడ్వర్డ్‌కు మేనత్త కూతురు, జేన్ అతనికి కూతురి వరుస. 1587లో ఎలిజబెత్ ఎవరి తల తీయించిందో ఆ స్కాట్లాండ్ రాణి మేరీ (ఈమె వేరే మేరీ) కూడా ఎలిజబెత్‌కు మేనత్త కొడుకు బిడ్డే. ఈ వరుసలు తెలుగులో పలికేటప్పుడు పాఠకుడి ఒళ్ళు కాస్త జలదరిస్తుంది. మన భాష ఉచితంగా ఇస్తున్న ఈ లాభాన్ని ఎందుకు వదులుకుంటావు?

మేరీని గయ్యాళిగా, ఎలిజబెత్‌ను సాధువుగా చూపించబోతున్నావని నీ మూడో అధ్యాయం చూస్తే అనుమానం వచ్చింది. సవతి తల్లుల బిడ్డలైన ఆ ఇద్దరూ 1553 ఆగస్టు 3న ఒకే ఊరేగింపులో లండన్‌లోకి వచ్చారు. 1554 మార్చిలో చెల్లెలిని అక్క టవర్‌లో ఖైదు పెట్టించింది. మధ్యనున్న ఏడు నెలల్లో భయం ఇటూ అటూ ఎలా పెరిగిందో చూపించు. ఆ భయం రుచి చూసింది గనుకనే కాబోలు, ఎలిజబెత్ తానేలిన కాలంలో వారసుడి పేరెత్తనివ్వలేదు. రాణి ఎన్నాళ్ళు బతుకుతుందో, తరువాత ఎవరొస్తారో తెలుసుకోవడానికి జాతకం వేయడం 1581లో నేరమైంది. మన సిద్ధాంతులు ఆ దేశంలో ఉండి ఉంటే సగం మంది చెరసాలలోనే పంచాంగం రాసుకునేవారు.

ఇక ఆ తొమ్మిది రోజులు. 1553 జులై 6న ఎడ్వర్డ్ చనిపోయాడు, ఆ కబురు కొన్నాళ్ళు దాచారు, 10న జేన్‌ను రాణిగా చాటారు, 19న అదే లండన్‌లో మేరీని చాటారు. ఈ మధ్యలో ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. మేరీ 9వ తేదీనే తూర్పున కెనింగ్‌హాల్ నుంచి, రాజ్యం తనదని మంత్రిమండలికి ఉత్తరం రాసింది. ఆమెను పట్టుకోవడానికి 14న సైన్యంతో బయలుదేరిన డ్యూక్, వెనక మిగిలిన మంత్రులు తన మాట మీద నిలబడతారని నమ్మాడు. నీ పాత్రలను కూడా అలాగే నమ్మనివ్వు. జేన్ పేరు చాటినప్పుడు వీధిలో జనం మౌనంగా ఉన్నారు. గిల్బర్ట్ పాటర్ అనే, సారా దుకాణంలో పనిచేసే కుర్రాడు మాత్రం హక్కు మేరీదేనని అన్నాడు. మర్నాడు అతని చెవులు రెండూ కోసేశారు. మరో వారం నోరు మూసుకుని ఉంటే, అదే మాట కేకవేసినందుకు ఎవరో ఒకరు అతనికి ఒక గ్లాసు పోయించి ఉండేవారు.

ఆ కుర్రాడు నీ మూడు అధ్యాయాల్లో ఎక్కడా కనిపించలేదు. మొదటి అధ్యాయం తిరగరాసి పంపు. టవర్ మెట్ల దగ్గర పడవ దిగుతున్న జులై 10న, జేన్ లోపలికి వెళ్తున్నది రాణిగానే.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి