చేదు చాక్లెట్ మగవాళ్లకేనా?

ప్రశ్న: జపాన్‌లో ఉన్న మా తమ్ముడు ‘మెన్స్ పాకీ’ అనే చాక్లెట్ పూత బిస్కెట్ పుల్లలు పంపాడు. మా అమ్మాయి తినవచ్చా? వాటితో పాటు వచ్చిన 72 శాతం చాక్లెట్ మీద తెల్లటి పొర కట్టింది. పాడైనట్టేనా?

జవాబు: నిక్షేపంగా తినవచ్చు. గ్లికో సంస్థ చేసే పాకీ పుల్లలకు తీపి తగ్గించి, చేదు చాక్లెట్ పూత వేసి ‘మెన్స్’ అన్నారు. తేడా రుచిలోనే ఉంది, శరీరానికి సంబంధించినదేమీ లేదు. తీపి ఆడవాళ్లది, చేదు మగవాళ్లది అనే ఊహను అమ్మకానికి వాడుకున్నారంతే. నిజానికి అక్కడ ఫిబ్రవరి 14న చాక్లెట్లు కొని మగవాళ్లకు ఇచ్చేది ఆడవాళ్లే. ఆఫీసులో మొహమాటానికి పంచేదాన్ని ‘గిరి చోకో’ అంటారు. ఈ ఆనవాయితీ మానుకోమని 2018లో గొడైవా అనే చాక్లెట్ కంపెనీయే పత్రికా ప్రకటన ఇచ్చింది. మంచి పని చేసింది.

కొనేటప్పుడు పెట్టె మీది పేరు కాదు, శాతం చూడండి. 72 శాతం అంటే కోకో పదార్థం, కోకో వెన్న కలిపి. మిగతాది దాదాపు చక్కెరే, అంటే 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాములు. కెఫీన్ ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు రాత్రిపూట వద్దు.

తెల్లపొర బూజు కాకపోవచ్చు. వేడికి కరిగిన కోకో వెన్న పైకి తేలి గడ్డకడితే జిడ్డుగా ఉంటుంది, వేలితో రుద్దితే కరుగుతుంది. గరుకుగా ఉంటే ఫ్రిజ్ చెమ్మకు చక్కెర పైకొచ్చినట్టు. రెండూ తినదగినవే. నూగులా ఉన్నా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి. మన ఎండల్లో గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక అరగంట ఆగి మూత తెరవండి.