మావాడు ఫుట్‌బాల్ స్కౌట్ అవుతానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. మార్కులకి ఢోకా లేదు. కానీ శనివారం వస్తే చాలు, ఎవరూ పేరు వినని చిన్న కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి కారేసుకుని పోతాడు. నోట్‌బుక్‌లో ఏదేదో రాసుకుంటాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) టీముకి స్కౌట్, అంటే కొత్త ఆటగాళ్ళని వెతికి అంచనా వేసేవాడు, అవుతాడట. అందుకోసం స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌కి మారతానంటున్నాడు. వాడు ఏనాడూ ఆ ఆట ఆడినవాడు కాదు. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్. అసలు ఇది ఉద్యోగమేనా? (ఒక తండ్రి)

జవాబు: ఉద్యోగమే అండీ. ఆ పని చేసేవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్ టీము డాలస్ కౌబాయ్స్ హెడ్డాఫీసు 2016 నుంచి మీ ఫ్రిస్కోలోనే ఉంది కదా. ఆ టీము స్కౌటింగ్ చరిత్రలో మన దేశంవాడు ఒకాయన ఉన్నాడని చాలామందికి తెలియదు. పేరు సలాం ఖురేషీ. అలీగఢ్‌లో చదువుకుని అమెరికా వెళ్ళిన స్టాటిస్టిక్స్ మనిషి. 1960ల మొదట్లో ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేస్తుంటే, ఆటగాళ్ళ ఎంపికకి కంప్యూటర్ వాడాలన్న ఆలోచనతో కౌబాయ్స్ మేనేజర్ టెక్స్ ష్రామ్ ఆయన్ని పట్టుకున్నాడు. ఖురేషీకి తెలిసింది క్రికెట్. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఓనమాలు కూడా రావు. అయినా కోచ్‌లు ఆటగాళ్ళ గురించి వాడే మాటలన్నీ పోగేసి, ఒక్కో మాటకీ అందరూ ఒకే అర్థం తీసుకునేలా ఖాయం చేయించి, కంప్యూటర్ లెక్కకట్టగలిగే కొన్ని గుణాలకి కుదించాడు. కాబట్టి మీవాడు ఆడలేదన్న బెంగని కాసేపు పక్కన పెట్టండి. ఆడినవాళ్ళకి తలుపు త్వరగా తెరుచుకుంటుంది, అది నిజమే. ఆడనివాళ్ళకి అది మూసుకుపోయి ఏమీ లేదు.

మన పాఠకుల కోసం ఒక మాట. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఐపీఎల్ వేలం లాంటిది కాదు. డబ్బు పాడుకోవడం ఉండదు. 32 టీములు ఏడు రౌండ్లలో వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకుంటాయి. ముందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న టీముకి మొదటి వంతు. 2024లో ఇలా 257 మందిని తీసుకున్నారు. అర్హత ఉన్న కాలేజీ ఆటగాళ్ళలో అది రెండు శాతం కూడా కాదు. మొదటి రౌండులో పోయే కుర్రాళ్ళ గురించి టీవీ చూసే ప్రతివాడికీ తెలుసు. వాళ్ళ కోసం స్కౌట్‌కి జీతం ఇవ్వక్కర్లేదు. అయిదు, ఆరు, ఏడు రౌండ్లలో, ఆ తర్వాత ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయినవాళ్ళలో ఎవడు పనికొస్తాడో చెప్పడానికే ఈ ఉద్యోగం. మీవాడు చిన్న కాలేజీల చుట్టూ తిరుగుతున్నాడంటే, పిచ్చి ఉన్నా సరైన చోటే ఉంది.

'పేరులేని ఆటగాడు' అంటే ఎవరో కూడా చెప్పాలి. ఏటా వేసవికి ముందే నేషనల్, బ్లెస్టో అనే రెండు ఉమ్మడి స్కౌటింగ్ సంస్థలు, చివరి ఏడాదిలోకి రాబోయే ఆటగాళ్ళని కొలిచి, గ్రేడ్లు వేసి, సభ్య టీములకి జాబితాలు ఇస్తాయి. ఆగస్టులో స్కౌట్ ఆ జాబితా పట్టుకునే బయలుదేరతాడు. అందులో లేనివాడే పేరులేనివాడు. ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షలకి మూడొందల పైచిలుకు మందినే పిలుస్తారు. పిలుపు రానివాడు తన కాలేజీలోనో, పక్క పెద్ద కాలేజీలోనో 'ప్రో డే' నాడు పరిగెత్తి చూపించుకోవాలి. అక్కడికి ఏ స్కౌట్ వస్తాడో, ఎవడి స్టాప్‌వాచ్ ఎంత చూపిస్తుందో దైవాధీనం.

ఈ పని గురించి నేను ఎవరికి చెప్పినా బిల్ నన్ కథతోనే మొదలుపెడతాను. ఆయన పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో స్పోర్ట్స్ విలేఖరి. నల్లజాతి కాలేజీల టీములని చూసి ఏటా మేటి ఆటగాళ్ళ జాబితా వేసేవాడు. పెద్ద టీములు ఆ కాలేజీల వైపు సరిగ్గా తొంగి చూడని రోజులవి. 1960ల చివర్లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆయన్ని స్కౌట్‌గా తీసుకుంది. అలబామా ఏ అండ్ ఎం కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాడిని పరిగెత్తించి చూడటానికి నన్ మరికొందరు స్కౌట్లతో కలిసి వెళ్ళాడు. మైదానం తడిగా ఉంది. టైము బాగా రాలేదు. మిగతావాళ్ళు పెదవి విరిచి వెళ్ళిపోయారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని వంక పెట్టి ఆగిపోయాడట. మర్నాడు ఆరిన నేల మీద మళ్ళీ పరిగెత్తిస్తే కుర్రాడు వేగంగానే ఉన్నాడు. 1974 డ్రాఫ్ట్‌లో స్టీలర్స్ అతన్ని నాలుగో రౌండులో తీసుకుంది. అదే ఏడాది సౌత్ కరోలినా స్టేట్ నుంచి ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన డానీ షెల్‌నీ చేర్చుకుంది. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఆ ఆటలో మేటివాళ్ళ గౌరవ జాబితాకి, వెళ్ళారు. 2021లో నన్ కూడా వెళ్ళాడు. పాపం, అప్పటికి ఆయన లేడు.

ఈ కథ విని చాలామంది కుర్రాళ్ళు 'కన్ను ఉండాలి' అనుకుంటారు. కన్ను చాలామందికి ఉంటుంది సార్. నేల తడిగా ఉందని మిగతావాళ్ళకీ కనబడే ఉంటుంది. ఇంకో రాత్రి అక్కడ ఆగింది నన్ ఒక్కడే. తర్వాత ఆఫీసుకి వచ్చి, పదిమంది పెదవి విరిచిన కుర్రాడిని తీసుకోమని కాగితం మీద పెట్టి, మీటింగ్‌లో ఆ మాట మీద నిలబడాలి. స్కౌట్‌కి జీతం ఆ కాగితానికే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆట మీద అరగంట మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. ఒక్క ఆటగాడి గురించి ఒక పేజీ తిన్నగా రాయమంటే చేతులెత్తేస్తారు.

చిన్న కాలేజీ ఆటగాడి మీద రిపోర్టు రాయడం మరీ కష్టం. ఎదుటివాడు బలహీనుడు. వాడిని పడగొట్టడంలో గొప్పేముంది? అందుకే అనుభవం ఉన్న స్కౌట్లు ఇతను గెలిచాడా అని కాక, ఎదుటివాణ్ణి ప్రతిసారీ మట్టి కరిపించాడా అని చూస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని హోబార్ట్ అనే చిన్న కాలేజీ నుంచి ఆలీ మార్పెట్ వచ్చాడు. అది డివిజన్ త్రీ, అంటే ఆటకి స్కాలర్‌షిప్ కూడా ఇవ్వని మెట్టు. పెద్ద కాలేజీల కుర్రాళ్ళతో కలిసి ఆడే సీనియర్ బౌల్‌కి పిలిచి, వాళ్ళ ముందు నిలబెట్టి చూశాకే నమ్మకం కుదిరింది. 2015లో టాంపా బే టీము 61వ వంతులో తీసుకుంది. సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, గెలిచిన టీములో ఆడాడు. ఇక మీ టెక్సస్ కుర్రాడే జాన్ రాండిల్. కింగ్స్‌విల్‌లో టెక్సస్ ఏ అండ్ ఐ కాలేజీ. 1990 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఒడ్డూ పొడుగూ చాలవన్నారు. మిన్నెసోటా టీము వాళ్ళు బరువు పెరిగి రమ్మంటే బట్టల కింద గొలుసు చుట్టుకుని తూకం ఎక్కాడట. అతనూ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే ఉన్నాడు. తూకం నమ్మిన స్కౌట్ మోసపోయాడు, ఆటగాణ్ణి నమ్మిన స్కౌట్ గెలిచాడు. ఇద్దరూ ఒకడే కావడం తమాషా.

అయితే మీవాడికి ఈ మాట గట్టిగా చెప్పండి: నన్ నాటి దేశపటం ఇప్పుడు లేదు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా, వచ్చింది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరూ పరపతీ వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు. చిన్న కాలేజీలో ఒక సీజన్ బాగా ఆడితే చాలు, పెద్ద కాలేజీ వచ్చి ఎత్తుకుపోతుంది. కామ్ వార్డ్‌నే చూడండి. మీ టెక్సస్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి టీముని నడిపేవాడు. హైస్కూల్ అయ్యాక శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న టీములో చేరాడు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, ఆ తర్వాత మయామీ. 2025 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు అతన్నే తీసుకున్నారు. పదేళ్ళ కిందటైతే అతన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ స్కౌట్ శాన్ ఆంటోనియోలో చూసేవాడేమో. ఇప్పుడు కాలేజీల స్కౌట్లే ముందు చూస్తున్నారు.

అందుకే ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోవద్దంటాను. అక్కడ 32 టీములే ఉన్నాయి. పెద్ద కాలేజీల ఫుట్‌బాల్ విభాగాలు నూట ముప్పై దాటాయి. 2025 నుంచి అవి ఆటగాళ్ళకి నేరుగా డబ్బు చెల్లిస్తున్నాయి, కాబట్టి ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే మనుషులు కావాలి. స్టాన్‌ఫర్డ్ తన పాత క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ని 2024లో జనరల్ మేనేజర్‌గా పెట్టుకుంది. కాలేజీ టీముకి జనరల్ మేనేజర్ ఏమిటని అప్పట్లో నవ్వినవాళ్ళున్నారు. ఆ ఆఫీసుల్లో టేపులు చూసి జాబితాలు తయారుచేసే కింది స్థాయి ఉద్యోగాలు పెరుగుతున్నాయి. మీవాడికి మొదటి మెట్టు అక్కడే దొరకొచ్చు. వాడి యూనివర్సిటీకి ఫుట్‌బాల్ టీము ఉంటే రేపే వెళ్ళి రిక్రూటింగ్ ఆఫీసులో స్టూడెంట్ హెల్పర్‌గా చేరతానని అడగమనండి. జీతం ఉండదు, మ్యాచ్ టేపుల్ని ముక్కలుగా విడదీసి పెట్టడం, ఫోన్లు, ఎయిర్‌పోర్టు నుంచి కొత్త ఆటగాళ్ళని తీసుకురావడం. టీము లేకపోతే చుట్టుపక్కల కాలేజీలని అడగాలి.

ఇక చదువు. కంప్యూటర్ సైన్స్ వదలొద్దు. ఇందులో నాకు అనుమానం లేదు, ఎందుకంటే ఒకసారి తప్పు చేశాను. కొన్నేళ్ళ కిందట హైదరాబాద్ కుర్రాడొకడు ఇదే ఉత్సాహంతో వస్తే, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్ మంచిదేనని తల ఊపాను. అమెరికాలో ఒక యూనివర్సిటీలో చేరాడు. కోర్సులో మార్కెటింగ్, టికెట్ల అమ్మకం ఎక్కువ, ఆటగాడిని చూడటం తక్కువ. అది స్టెమ్ కోర్సు కాకపోవడంతో ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, ఒక్క ఏడాదే వచ్చింది. అప్పు మాత్రం పూర్తిగా మిగిలింది. మీవాడికి వీసా గొడవ లేదు, అయినా డిగ్రీ సంగతి అంతే. స్కౌట్ ఉద్యోగానికి ఎవరూ స్పోర్ట్స్ డిగ్రీ అడగరు. ఫిలడెల్ఫియా ఈగల్స్ టీము జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ చదివింది లా. ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. కుర్రతనం నుంచీ టీములకి ఉత్తరాలు రాసి రాసి, 2000లో జీతాల లెక్కలు చూసే ఇంటర్న్‌గా లోపలికి వెళ్ళాడు. అతని టీము రెండు సూపర్ బౌల్స్ గెలిచింది.

కోడింగ్ వచ్చినవాడికి ఇంకో దారి ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా 'బిగ్ డేటా బౌల్' అనే పోటీ పెడుతుంది. మైదానంలో ఆటగాళ్ళ కదలికల డేటా ఇచ్చి, దాని నుంచి కొత్త సంగతి ఏదైనా తవ్వి తీయమంటారు. అందులో పేరు తెచ్చుకున్నవాళ్ళని టీములు ఉద్యోగాల్లోకి తీసుకున్నాయి.

అమ్మగారి టెన్షన్ గురించి దాచకుండా చెబుతాను. మొదటి నాలుగైదేళ్ళు జీతం వాడి క్లాస్‌మేట్ల సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకునేలా ఉండదు. ఒక ప్రాంతానికి స్కౌట్ అయితే ఆగస్టు నుంచి నవంబరు దాకా కారే ఇల్లు. ఉదయం ఒక కాలేజీ, రాత్రి హోటల్ గదిలో రిపోర్టు, మర్నాడు రెండొందల మైళ్ళ అవతల ఇంకో కాలేజీ. దసరా, దీపావళి మర్చిపోండి. పైగా చాలామంది కాంట్రాక్టులు డ్రాఫ్ట్ అయ్యాక ముగుస్తాయి. జనరల్ మేనేజర్ మారితే కింద ఉన్న స్కౌట్లూ మారిపోతారు. తప్పు వాళ్ళది కాకపోయినా సరే.

ఇప్పుడు మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. వచ్చే సీజన్‌లో చివరి ఏడాది ఆటగాళ్ళు ఇరవై మందిని, ఆ పెద్ద జాబితాల్లో లేనివాళ్ళనే, ఎంచుకోమనండి. ఒక్కొక్కరి మీద ఒక పేజీ. ఏం చెయ్యగలడు, ఏం చెయ్యలేడు, ఎదురుగా ఆడినవాడి స్థాయి ఏమిటి, ఏ రౌండుకి తగినవాడు, లేక డ్రాఫ్ట్ కాకపోయినా పిలవొచ్చా. ఏప్రిల్ డ్రాఫ్ట్‌కి ముందే ఆ ఇరవై పేజీలూ మీ మెయిల్‌కి పంపాలి. తేదీ పడుతుంది, తర్వాత దిద్దుకోవడానికి వీలుండదు. మీరు వాటిని దాచి ఉంచండి. మూడేళ్ళ తర్వాత ఇంటర్వ్యూలో నువ్వేం చూశావని అడిగితే, తప్పుల్తో సహా చూపించడానికి వాడి దగ్గర అవి ఉంటాయి. ఇరవై పేజీలు రాయలేక ఏడో పేజీ దగ్గరే ఆగిపోతే, అదీ మీ ఇద్దరికీ తెలియాల్సిన విషయమే. సాఫ్ట్‌వేర్ డిగ్రీ ఎలాగూ చేతిలో ఉంటుంది.

మీ ఇంటికి ఉత్తరాన షెర్మన్‌లో ఆస్టిన్ కాలేజీ ఉంది, గంట ప్రయాణం. డివిజన్ త్రీ. ఒక శనివారం మీరూ వాడి కారెక్కి వెళ్ళిరండి. ఎవరిని చూస్తున్నావని అడగండి, వాడు చెప్పేది వినండి. నోట్‌బుక్ మాత్రం ఇప్పుడే చూపించమనకండి. ఏప్రిల్‌లో మెయిల్ వస్తుంది కదా.