నీళ్ల లెక్క పిల్లల చేతికివ్వండి

బడుల్లో నీటి వాడకం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల సమాధానాలు.

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ప్రాథమికోన్నత పాఠశాల. నీటి పొదుపు మీద వ్యాసరచన పెట్టాం, గోడల మీద నినాదాలు రాయించాం, ప్రార్థనలో ప్రతిజ్ఞ చేయిస్తున్నాం. ఇంటర్వెల్ అయ్యాక వెళ్లి చూస్తే కుళాయిలు కారుతూనే ఉంటాయి. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఎలా నేర్పాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఎంత నీరు పోతోందో తెలియకుండా ‘వృథా చేయకండి’ అంటే పిల్లలకు అది మరో నీతివాక్యం అంతే. ముందు కొలవనివ్వండి. ఆరో తరగతికి వచ్చే గుణకారం, భాగహారం ఇందుకు సరిపోతాయి.

పది లీటర్ల బకెట్ తీసుకుని, లీటరు సీసాతో ఒక్కొక్క లీటరూ పోస్తూ బయట పెయింటుతో గీతలు పెట్టించండి. కుళాయి మామూలుగా ఎంత తిప్పుతారో అంతే తిప్పి, బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడమనండి. 600ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 75 సెకన్లు పడితే నిమిషానికి 8 లీటర్లు. ఒకే కుళాయికి పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క వస్తే పిల్లలు తప్పు చేశారనుకోకండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువ, పక్క కుళాయిలు తెరిచినప్పుడు తక్కువ. ఏ వేళప్పుడు, ఎన్ని కుళాయిలు తెరిచి ఉండగా కొలిచారో కూడా రాయించాలి.

కారే కుళాయికి దగ్గు మందు సీసా మూత చాలు, దాని మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. గట్టిగా కట్టేసిన తర్వాత కూడా చుక్కలు పడుతుంటే పది నిమిషాలు గ్లాసులో పట్టి, ఆ మూతతో కొలిచి, వచ్చినదాన్ని 144తో గుణించాలి. 40 మి.లీ. వచ్చిందంటే రోజుకు 5.76 లీటర్లు. ఆ అంకెను కుళాయి పక్కనే సుద్దముక్కతో రాయించండి. గోడ మీది నినాదం కంటే అది ఎక్కువ పని చేస్తుంది. పిల్లలే కాదు, హెడ్‌మాస్టరు గారు కూడా రోజూ దాన్ని చూస్తారు కదా!

అసలు నష్టం చాలాచోట్ల పిల్లలు చూడలేని చోట జరుగుతుంది. బడికి తాళం వేశాక ట్యాంకులో నీటి మట్టం, మర్నాడు మోటారు వేయకముందు మట్టం పెద్దవాళ్లెవరైనా కర్రతో కొలిచి చెప్పాలి. పిల్లల్ని ట్యాంకు ఎక్కించవద్దు. రాత్రి నీళ్లొచ్చే లైను ఉంటే ఆ వాల్వు కట్టేయాలి. ట్యాంకు లోపలి అడ్డుకొలత 110 సెంటీమీటర్లుంటే, మట్టం ఒక సెంటీమీటరు దిగినప్పుడల్లా సుమారు 9.5 లీటర్లు పోయినట్టు. రాత్రంతా ఎవరూ వాడకపోయినా మట్టం దిగితే లీకు ఉన్నట్టే. ఫ్లష్ ట్యాంకుల్లో వంటరంగు కలిపి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఎవరూ నొక్కకుండానే బేసిన్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు పోయింది.

తిప్పే పాత రకం కుళాయికి వాషర్ మార్చడం పెద్ద పని కాదు. గేట్ వాల్వు కట్టి, కుళాయి తెరిచి మిగిలిన నీరు పోనిచ్చి, పై భాగం విప్పి, అరిగిన వాషర్ తీసి అదే సైజుది వేయాలి. కొత్త వాషర్ వారం తిరక్కుండానే కారితే తప్పు వాషర్‌ది కాదు. అది కూర్చునే ఇత్తడి అంచు గీతలు పడి ఉంటుంది, కుళాయే మార్చాలి. కారుతోందని బలంగా బిగించే అలవాటు వల్లే వాషర్ కోసుకుపోతుంది. ఇది పిల్లలకు వాషర్ చేతికిచ్చి చూపించండి. పావు తిప్పుకే కట్టుబడే కొత్త రకాల్లో వాషర్ ఉండదు, కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి.

మరమ్మతు పెద్దల బాధ్యత. పిల్లలు లెక్క కట్టి చూపించిన కుళాయి నెలయినా అలాగే కారుతుంటే, వాళ్లు నేర్చుకునేది పొదుపు కాదు, చెప్పినా ఏమీ జరగదని.

ప్రశ్న: బడిలో నీటి పొదుపు గురించి చెప్పినప్పటి నుంచి మా పాప (నాలుగో తరగతి) ఇంట్లో చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదు. బడికి తీసుకెళ్లిన సీసా సాయంత్రం అలాగే వెనక్కి వస్తోంది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఇది తేలిగ్గా తీసుకోవద్దమ్మా. తాగే నీళ్లు, చేతులు కడిగే నీళ్లు పొదుపు లెక్కలోకి రావని పాపకు స్పష్టంగా చెప్పండి, టీచరు గారితోనూ చెప్పించండి. సీసా అలాగే రావడానికి మరో కారణం కూడా ఉండొచ్చు. బడి టాయిలెట్ శుభ్రంగా లేకపోయినా, గడియ లేకపోయినా ఆడపిల్లలు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రం ముదురు పసుపుగా వస్తోందా, మంటగా ఉంటోందా అని అడగండి. మంట ఉంటే డాక్టరుకు చూపించాలి. కేరళలో మొదలై 2019 నుంచి మిగతా రాష్ట్రాలకూ వచ్చిన ‘వాటర్ బెల్’ ఇందుకే పుట్టింది. గంట కొట్టగానే అందరూ కూర్చున్న చోటే తాగుతారు. మీ బడిలో లేకపోతే అడగండి.

చేతుల విషయంలో తగ్గించాల్సింది కడగడం కాదు, సబ్బు రుద్దే 20 సెకన్లు నల్లా తెరిచి ఉంచడం. నిమిషానికి 8 లీటర్లు వచ్చే నల్లాలో ఆ కాసేపట్లోనే రెండున్నర లీటర్లకు పైగా పోతాయి. తడిపి, కట్టేసి, రుద్ది, మళ్లీ తిప్పాలి. మురికి చేత్తో ముట్టిన నల్లానే మళ్లీ ముట్టుకోవాలి కాబట్టి బడిలో ఇద్దరిద్దరుగా నిలబెట్టి, ఒకరు రుద్దుతుంటే ఒకరు మగ్గుతో పోయడం మేలు. మనిషికి అర లీటరు సరిపోతుంది.

ప్రశ్న: మధ్యాహ్న భోజనం తర్వాత 180 మంది పిల్లలు కుళాయిల కింద పళ్లేలు కడుగుతారు. ఆవరణంతా బురద. ఏదైనా ఉపాయం?
– ప్రధానోపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి

జవాబు: పారే కుళాయి కింద పళ్లేనికి రెండున్నర లీటర్లు వేసుకున్నా 450 లీటర్లు. వరస ఇలా మార్చండి. ముందు మెతుకులన్నీ ఒక బకెట్‌లోకి విదిలించాలి. ఈ ఒక్కటీ చేయకపోతే మిగతాదంతా దండగ. తర్వాత 20 లీటర్ల టబ్బులో ముంచి తీయాలి, నీళ్లకు బయటే సబ్బు పీచుతో తోమాలి, చివర శుభ్రమైన నీళ్లు మగ్గుతో అర లీటరు పోయాలి. ముంచే టబ్బును 40 పళ్లేలకోసారి మార్చినా ఐదుసార్లకు 100 లీటర్లు, చివరి కడుగు 90. మొత్తం 190. సాంబారు రోజు నూనె త్వరగా తేలుతుంది, 40 దాకా ఆగకుండా మార్చేయండి. చివరి కడుగును మాత్రం టబ్బులో ముంచడంతో సరిపెట్టొద్దు, కడుపు నొప్పులు అక్కడే మొదలవుతాయి.

ముంచిన నీళ్లు నేరుగా ఇంకుడు గుంతకు వదిలితే గంజి, నూనె చేరి కంకర పూడుకుపోతుంది. ముందు జాలీ, దాని వెనక నూనె తేలేందుకు చిన్న తొట్టి పెట్టి, వారానికోసారి తీయించండి. అరటి, మెట్టతామర మొక్కలకు ఈ నీళ్లు పనికొస్తాయి. ఆకుకూరలకు వద్దు. ఏ రోజు నీళ్లు ఆ రోజే పారబెట్టాలి, నిలవ పెడితే వాసన, దోమలు.

ప్రశ్న: మా బడి ఆర్వో ప్లాంటు నుంచి బయటికి పోయే నీళ్లు బడితోటకు పెట్టవచ్చా? మాది నల్గొండ జిల్లా.

జవాబు: మీ దగ్గర వద్దు. బోరు నీటిలో లీటరుకు 2 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉండి, మూడో వంతు మంచినీరుగా వస్తే, మిగిలిన రెండు వంతుల్లో అది 3 దాకా చేరుతుంది. తాగునీటికి గరిష్ఠ పరిమితే 1.5. లవణాలూ అలాగే చిక్కబడతాయి, ఏళ్ల తరబడి పెడితే నేల చౌడు పడుతుంది. టాయిలెట్లకు, వరండా తుడవడానికి వాడండి. వంటకు, పశువుల తొట్టికి పోకుండా పైపుకు ఎర్ర రంగు వేసి, ఎందుకు వేశారో పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: కూల్‌డ్రింక్ సీసాతో వర్షమాపకం చేశాం. మండలం లెక్క కంటే మాది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తోంది. ఎందుకు?
– సైన్సు మాస్టారు, అనంతపురం

జవాబు: సీసా నడుము దగ్గర సన్నగా ఉందేమో చూడండి. వెడల్పు మూతిలో పడిన వాన సన్నని చోట నిలిస్తే ఎత్తు పెరుగుతుంది. నిలువునా ఒకే వెడల్పున్న రెండు లీటర్ల సీసా తీసుకుని, పై భాగం కోసి గరాటులా తలకిందులుగా పెట్టండి. అడుగున గుంటలుంటాయి కాబట్టి గులకరాళ్లు వేసి, గోడ నిటారుగా ఉన్న చోటి దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. చెట్టు కింద, చూరు పక్కన పెట్టొద్దు. రోజూ ఉదయం 8.30కి చూడండి, వాతావరణ శాఖ వేళ అదే. ఇవన్నీ సరిచేశాక కూడా కాస్త తేడా ఉంటే అది నిజమైన తేడాయే. మీ జిల్లాలో ఈ ఊళ్లో కురిసిన వాన పక్క ఊళ్లో కురవదు.

తర్వాత కప్పు కొలిపించండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న కప్పు మీద ఐదో వంతు పోయిందనుకున్నా, ఏడాదికి సుమారు 550 మి.మీ. కురిసే మీ జిల్లాలో దాదాపు 42 వేల లీటర్లు దిగుతాయి. మొదటి వాన మాత్రం పట్టకుండా వదిలేయండి, కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు అందులోనే కొట్టుకొస్తాయి.